పానా ఎవరి సొత్తు?

ఇంటిపని గురించి ఎక్కడ చర్చ జరిగినా సభ చివర్లో ఒక మగగొంతు లేస్తుంది. "మేం మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చున్నామా? ఫ్యూజు పోతే ఎవరు వేస్తున్నారు? నీళ్ళ మోటారు ఆగిపోతే ఎవరు చూస్తున్నారు? బండి ఎవరు బాగుచేయిస్తున్నారు?" అంటుంది. సభలో నవ్వులు. మనలో కూడా కొందరం నవ్వుతాం. నవ్వి, "అవి ఎప్పుడో ఒకసారి వచ్చే పనులు, వంట రోజూ వుంటుంది కదా" అని జవాబు చెప్పి కూర్చుంటాం. నా వుద్దేశంలో ఇది వాదం గెలిచే జవాబు కాదు. ఎదుటివాడికి సగం పొలం రాసిచ్చి, మిగతా సగానికి కౌలు అడిగే జవాబు.

ముందు లెక్క చూద్దాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. ఆరేళ్ళు, అంతకు పైబడిన ఆడవాళ్ళలో నూటికి 81 మంది ఆ ఒక్కరోజులో జీతం లేని ఇంటిపని చేశారు. మగవాళ్ళలో 26 మంది చేశారు. చేసిన ఆడవాళ్ళు సగటున 299 నిమిషాలు చేస్తే, చేసిన మగవాళ్ళు 97 నిమిషాలు. ఈ అంకెల్ని మన వ్యాసాల్లో వాడుతూనే వున్నాం. వాటి వెనక వున్న వర్గీకరణని మాత్రం అంతగా పట్టించుకోలేదు. సర్వే అనుసరించిన అంతర్జాతీయ వర్గీకరణలో వంట, వూడ్పు, బట్టలుతుకు ఏ పెద్ద పద్దు కింద వున్నాయో, ఇంటి మరమ్మతులూ సొంత వాహనం బాగుచేసుకోవటమూ ఆ పద్దు కిందే వున్నాయి. అంటే ఆయనగారు వేసిన ఫ్యూజు, మార్చిన బల్బు, తుడిచిన బండి అన్నీ కలిపాకే ఆ 97. అదీ నూటికి 26 మంది సంగతి. మిగిలిన 74 మంది ఆ రోజు చీపురూ ముట్టలేదు, స్క్రూడ్రైవరూ ముట్టలేదు. "మేం రిపేర్లు చేస్తున్నాం" అనేది లెక్కల్లో నిలబడని మాట. ఆ మాటని ఇన్నాళ్ళూ వూరికే నిలబెట్టింది మన మర్యాదే.

అయితే నా పోట్లాట మగవాళ్ళతో మాత్రమే కాదు, మన విమర్శతో కూడా. విమల 'వంటిల్లు' కవిత తర్వాత తెలుగులో వంటగదిని పాత కళ్ళతో చూడటం ఎవరికీ సాధ్యం కాలేదు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. మన పాఠ్యప్రణాళికల్లోకి, పరిశోధనల్లోకి ఈ రచనలు రావటానికి మనకంటే ముందుతరం చాలా పోరాడింది. ఆ రుణం నాకూ వుంది. కానీ మనం విమర్శలో చదివే ఇంటిని ఒక్కసారి నడిచి చూడండి. వంటిల్లు వుంది, పడకగది వుంది, గడప వుంది, పెరడు వుంది. మీటరు బోర్డు లేదు. మేడ మీద నీళ్ళ ట్యాంకు లేదు. అటక మీద పాత బిస్కెట్ డబ్బాలో తుప్పు పట్టిన పానాలు, మేకులు, వాషర్లు లేవు. ఆ డబ్బా ప్రతి ఇంట్లోనూ వుంటుంది. దాన్ని దించేది ఒకరే, అది ఎక్కడుందో తెలిసిందీ ఒకరికే. మనం దాన్ని చదవలేదు.

ఎందుకు చదవాలి? సత్యవతి కథలోని ఇల్లాలు పేరు మర్చిపోయింది కాబట్టి. అలికిన ఇల్లు మర్నాటికి మాసిపోతుంది. ఎవరు అలికారన్న ఆనవాలు మిగలదు. బాగుచేసిన కుళాయి మాత్రం ఏడాది పాటు, "నేను బిగించింది" అని చెప్పుకోవటానికి పనికొస్తుంది. రెండూ ఇంటిని నిలబెట్టే పనులే. ఒకదానికి సంతకం వుంది, ఒకదానికి లేదు. శ్రమ విభజన అంటే గంటల విభజన మాత్రమే కాదు, సంతకాల విభజన కూడా. రోజూ చేసి తీరాల్సినవీ, చేసినట్టు కనపడనివీ ఒకవైపు. వీలున్నప్పుడు చేసేవీ, చేస్తే నలుగురూ చూసేవీ మరోవైపు. పనుల్ని ఇలా పంచినవాళ్ళు చాలా తెలివైనవాళ్ళు.

సాహిత్యంలో దీనికి మంచి సాక్ష్యం వుంది. రాబర్ట్ పిర్సిగ్ 1974లో రాసిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్ సైకిల్ మెయింటెనెన్స్' మన ఇంగ్లీషు శాఖల్లో ఇప్పటికీ భక్తిగా చదివే పుస్తకం. తండ్రీ కొడుకులు ఒక బండి మీద, జాన్, సిల్వియా అనే దంపతులు మరో బండి మీద ప్రయాణిస్తుంటారు. సిల్వియా భర్త వెనక కూర్చుంటుంది. కథకుడు తన బండి తనే బాగుచేసుకుంటాడు, ఆ పని మీదుగా గ్రీకు తత్వశాస్త్రం దాకా వెళ్తాడు. మొదటి అధ్యాయంలోనే ఒక కుళాయి వస్తుంది. జాన్ దంపతుల ఇంట్లో వంటగది కుళాయి కారుతూ వుంటుంది. జాన్ ఒకసారి వాషర్ మార్చాడు, ఆగలేదు, వదిలేశాడు. ఆ చప్పుడు మీదుగా మాట్లాడటానికి ప్రయత్నిస్తున్న సిల్వియా, పిల్లలు వచ్చి అడ్డుపడగానే వాళ్ళ మీద విరుచుకుపడుతుంది. కథకుడు దీన్ని గమనించి, ఆమె అసలు కోపం యంత్ర నాగరికత మీద అని తాత్వికంగా నిర్ధారిస్తాడు.

నేను ఈ భాగాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు తాత్వికత కనపడదు. రోజంతా ఆ చప్పుడు వింటున్నది సిల్వియా. బాగుచేయాలా వద్దా అని నిర్ణయించింది జాన్. వివరించింది కథకుడు. ముగ్గురూ వున్న ఆ ఇంట్లో, మరమ్మతు గురించి నాలుగు వందల పేజీలు ఆలోచించగలిగిన మనిషికి, పానా సిల్వియా చేతికివ్వాలన్న ఆలోచన ఒక్క వాక్యంలో కూడా రాలేదు. ఆమె కోపానికి యంత్ర నాగరికత దాకా పోనక్కర్లేదు. తన ఇంట్లో కారుతున్న నీటిని తను ఆపలేని స్థితిలో పెట్టారు, అది చాలు. మాథ్యూ క్రాఫర్డ్ అనే అమెరికన్ రాజకీయ తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి, మోటారు సైకిళ్ళ రిపేరు షాపు పెట్టుకుని, చేతిపని గౌరవం గురించి 2009లో పుస్తకం రాస్తే అదీ చర్చనీయాంశమైంది. డాక్టరేట్ వున్న మగవాడు గ్రీజు పూసుకుంటే తత్వం. నాకూ ఒక డాక్టరేట్ వుంది. నేను పూసుకుంటే ఏమయిందో చెప్తాను.

మన దేశంలో చాలా మోటారు సైకిళ్ళకి రేడియేటర్ వుండదు. ఇంజను చుట్టూ వున్న రెక్కల మీదుగా గాలి వీచి దాన్ని చల్లబరుస్తుంది. 2008లో యమహా ఆర్15 వచ్చాక ద్రవంతో చల్లబడే 150 సీసీ బళ్ళు కాలేజీ కుర్రాళ్ళ చేతుల్లోకి వచ్చాయి. నాదీ ఆ కోవకి చెందిన బండే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. హైవే మీద ముందు వెళ్తున్న లారీ చక్రం కింద నుంచి లేచిన కంకర రాయి రేడియేటర్‌కి తగిలి చిల్లు పడింది. బండి కింద ఆకుపచ్చ మడుగు, మీటరులో ఎర్ర దీపం. సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద నా పేరే రాశారు. ఫోన్ నంబరు దగ్గరికి వచ్చేసరికి "ఇంట్లో సార్‌ది ఇవ్వండి మేడమ్, ఖర్చు సంగతి మాట్లాడాలి" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. సార్ ఎవరూ లేరు, ఖర్చు పెట్టేది నేనే అంటే, "పోనీ అన్నయ్యది?" అన్నాడు. అతను చెడ్డవాడేం కాదు. వ్యవస్థ అతనికి నేర్పిన మర్యాద అది. బండి ఆటోట్రాలీలో ఎక్కించి ఇంటికి తెచ్చుకున్నాను. రాణిగంజ్‌లో కొత్త రేడియేటర్, రెండు గొట్టాలు, క్లాంపులు, రాగి వాషర్లు, కూలెంటు కొన్నాను.

రేడియేటర్‌లో మర్మమేమీ లేదు. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన ద్రవం రబ్బరు గొట్టంలోంచి సన్నని అల్యూమినియం గొట్టాల్లోకి వస్తుంది. వాటికి అతికి వున్న పలచని రేకుల మధ్య నుంచి పోయే గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. చల్లబడిన ద్రవం ఇంకో గొట్టంలోంచి వెనక్కి వెళ్తుంది. మూతలో ఒక స్ప్రింగు వుంటుంది. అది లోపల ఒత్తిడిని నిలిపి, ద్రవం నూరు డిగ్రీల దగ్గరే మరిగిపోకుండా చూస్తుంది. దీన్ని ఎక్కడో చూశామనిపిస్తోందా? ప్రెషర్ కుక్కర్ చేసేదీ ఇదే. రేడియేటర్ విషయంలో ఏ మెకానిక్ అయినా చెప్పే మొదటి పాఠం, వేడి మీద మూత తీయొద్దని. ఆవిరి తగ్గకుండా కుక్కర్ మూత తీయకూడదని మనకి పదేళ్ళ వయసు నుంచే తెలుసు. గాస్కెట్ సాగిపోతే ఆవిరి ఎక్కడ లీకవుతుందో, సేఫ్టీ వాల్వు ఎప్పుడు మార్చాలో, వెయిట్ రంధ్రంలో పప్పు ఇరుక్కుంటే ఏమవుతుందో ఈ దేశంలో కోట్లమంది ఆడవాళ్ళకి తెలుసు. దాన్ని యంత్రజ్ఞానం అని ఎవరూ అనలేదు. మనమూ అనలేదు.

పని ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. ఇంజను పూర్తిగా చల్లారి వుంది. పక్క ప్లాస్టిక్ కవర్లు విప్పాను. అడుగు బోల్టు వదులు చేసి పాత కూలెంటు బేసిన్‌లోకి దించాను. దీన్ని కాలవలో పొయ్యకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా వుంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి. అందుకని సీసాలో పోసి మూత పెట్టాను. కటింగ్ ప్లేయర్‌తో క్లాంపులు జరిపి గొట్టాలు లాగి, ఫ్యాను వైరు సాకెట్ విడదీసి, బోల్టులు విప్పితే పాత రేడియేటర్ చేతిలోకి వచ్చేసింది. కొత్తది బిగించటం అదే వరస, వెనక నుంచి ముందుకి. కూలెంటు నింపి, మూత తీసి వుంచి ఇంజను స్టార్ట్ చేస్తే లోపల చిక్కుకున్న గాలి బుడగలుగా పైకి వస్తుంది. బుడగలు ఆగేదాకా కొంచెం కొంచెం పోస్తూ వుండాలి. మూడు గంటలు పట్టింది. ఈ మూడు గంటల్లో అపార్ట్‌మెంటు మగవాళ్ళు ఐదుగురు ఆగి సలహా ఇచ్చారు. ఆ ఐదుగురి బళ్ళల్లో దేనికీ రేడియేటర్ లేదు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే, "నువ్వు పీహెచ్‌డీ చేసింది ఈ గ్రీజు పనికేనా? చేతులు చూసుకో ఎలా అయ్యాయో" అంది. నా చిన్నప్పుడు మా అమ్మ కిరసనాయిలు పంపుస్టవ్‌కి పిన్ను కొట్టేది, వాషర్ ఎండిపోతే నూనె పట్టించేది. కుట్టుమిషను విప్పి శుభ్రం చేసి, బాబిన్ బిగువు సరిచేసి, బెల్టు తనే మార్చేది. ఇప్పటికీ అడిగితే "నాకీ మిషన్ల సంగతి ఏం తెలుసే" అంటుంది. లండన్ పత్రికల అచ్చుపనివాళ్ళ మీద 1983లో సింథియా కాక్‌బర్న్ రాసిన 'బ్రదర్స్' చదివినప్పుడు నాకు అమ్మే గుర్తొచ్చింది. సీసం అక్షరాలు పోయి టైపు మిషను లాంటి కీబోర్డు వచ్చేసరికి ఆ మగ కార్మికులకి తమ మగతనమే పోయినట్టనిపించింది, అది టైపిస్టు అమ్మాయిల పరికరం కాబట్టి. ఆడవాళ్ళ చేతిలోకి వస్తే యంత్రం యంత్రం కాకుండా పోతుంది. కుట్టుమిషను అలంకారమైపోతుంది, కుక్కర్ గిన్నె అయిపోతుంది. ఆడవాళ్ళ కోసమని అమ్మే స్కూటర్లకైతే ఇంజనే కనపడదు. ప్లాస్టిక్ పలకలు కప్పి, రంగులు వేసి, లోపల ఏముందో మీరు చూడనక్కర్లేదన్నట్టు ఇస్తారు.

ఇక్కడ మన మిత్రుల నుంచి ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. వచ్చింది కూడా. "ఇప్పటికే రోజుకి అయిదు గంటల చాకిరి. ఆఫీసు వుంది. ఇప్పుడు కుళాయిలూ ఫ్యాన్లూ బళ్ళూ కూడా మనమే చూసుకోవాలా? ఇది స్వేచ్ఛా, మూడో షిఫ్టా?" రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే చూపించింది, ఇంట్లోకి వచ్చిన యంత్రాలు తల్లి పనిని తగ్గించలేదని. కాబట్టి ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ మరమ్మతు భారం ఇప్పుడు ఎవరి మీద వుంది? ప్లంబర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేసేది ఎవరు? అతను "పదకొండింటికి వస్తా" అంటే సగం రోజు సెలవు పెట్టి మూడింటి దాకా గుమ్మంలో కాపలా కాసేది ఎవరు? ఒంటరిగా వుండే అమ్మాయి అయితే పక్కింటావిడని కాసేపు కూర్చోమని బతిమాలి, తలుపు తీసి వుంచి, లోపలి గదికి గడియ పెట్టి, ఆ పని అయ్యేదాకా బిక్కుబిక్కుమంటూ నిలబడుతుంది. ఈ ఎదురుచూపునీ, ఈ భయాన్నీ రిపేరు పనిగా ఎవరూ లెక్క కట్టటం లేదు. అయిదు నిమిషాల వాషర్‌కి అయిదు గంటలు పోతున్నాయి. మెయిన్ స్విచ్ కట్టేసి సీలింగ్ ఫ్యానుకి కొత్త కెపాసిటర్ వేయటం, ట్యాంకులో బాల్ వాల్వు మార్చటం, కుళాయికి టెఫ్లాన్ టేపు చుట్టడం — ఇవి నేర్చుకోవటం పని పెంచుకోవటం కాదు, ఆ గంటల్ని తిరిగి తీసుకోవటం. అయినా నేను అడుగుతున్నది అదనం కాదు, మార్పిడి. పానా ఇటు రావాలి, గరిటె అటు వెళ్ళాలి. ఒక్కటే కదిలితే మోసపోయినట్టే.

"డబ్బులిస్తే చేసేవాళ్ళున్నారు" అనేది రెండో మాట. ఇందులో కులం వుంది, మనం ఒప్పుకోవాలి. చేతికి మట్టి, నూనె అంటే పనుల్ని పుట్టుకతో కొందరికి అంటగట్టిన సమాజం మనది. చదువుకోవటమంటే చేతులు తెల్లగా వుంచుకోవటమని మనకి నేర్పింది. ఆడవాళ్ళు పనిముట్లు ముట్టరన్నది కూడా పై కులాల ఇళ్ళ సంగతే. కొడవలి, పార, బండలు కొట్టే సుత్తి పట్టకుండా బతికిన శ్రామిక కులాల స్త్రీ ఎవరు? అయితే అక్కడ కూడా ఒక గీత వుంది. ఇటుకల తట్ట ఆమె తల మీద, తాపీ మేస్త్రీ చేతిలో. నాట్లు ఆమెవి, నాగలి అతనిది. మట్టి తొక్కేది ఆమె, సారె తిప్పేది అతను. ఆ గీత దాటిన పనిముట్టుకే కూలి ఎక్కువ, పేరు ఎక్కువ. పోచంపల్లి చీరకి ఆసు పోసే ఆడవాళ్ళ చెయ్యి రోజుకి వేలసార్లు పైకీ కిందికీ తిరగాలి. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కృషికి చేతులెత్తి మొక్కవచ్చు. నా ప్రశ్న వేరు. నొప్పి ఏమిటో, ఏ మలుపులో ఎంత బిగువు కావాలో ఆ తల్లులందరికీ తెలుసు. వైరింగ్ పనికి హైదరాబాద్ వెళ్ళి, యంత్రాలు చూసి, విప్పి, పాడుచేసి మళ్ళీ బిగించే వీలు మాత్రం కొడుకులకే వుంది.

ఆ వీలు దొరికిన చోట ఏం జరిగిందో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లా చెప్తుంది. మహిళా సమాఖ్య కార్యక్రమంలో 1990ల మొదట్లో అక్కడి గ్రామీణ స్త్రీలు, ఎక్కువమంది దళితులు, చేతిపంపులు బాగుచేయటం నేర్చుకున్నారు. బోరులోంచి గొట్టాలు పైకి లాగి, వాషర్లు మార్చి, మళ్ళీ దించటం నేర్చారు. తమ చెయ్యి తగిలితే మైలపడుతుందన్న నీళ్ళని వూరికి తెచ్చిపెట్టింది వాళ్ళే. ఆ పని చేసిన ప్రాంతంలోనే అక్షరాల కోసం శిబిరాలు నడిచాయి, 'మహిళా డాకియా' అనే పత్రిక వచ్చింది, ఆ వరసలోనే 2002లో 'ఖబర్ లహరియా' పుట్టింది. సాహిత్యంలో పనిచేసే మనం పుస్తకం నుంచి మొదలుపెట్టి మనుషుల దాకా వెళ్ళటానికి అలవాటుపడ్డాం. వాళ్ళు పానాతో మొదలుపెట్టి పత్రిక దాకా వెళ్ళారు.

మనకి ఏడాదికోసారి ఆయుధపూజ వుంది. ఆ రోజు పానాలకీ సుత్తికీ బండికీ పసుపు కుంకుమ పెట్టేది మనమే. మర్నాడు వాటిని ముట్టుకుంటే "నీకెందుకు, దెబ్బ తగుల్తుంది" అంటారు. ఆస్తి విషయంలో కూడా సరిగ్గా ఇదే జరిగింది. ఆంధ్రప్రదేశ్ 1986లో కూతుళ్ళకి సమష్టి ఆస్తిలో హక్కు ఇస్తూ చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ప్రభుత్వ ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరున ఇస్తున్నారు. మంచిదే. కానీ ఆ ఇంట్లో గేట్ వాల్వు ఎక్కడుందో, మురుగు గొట్టం ఎటు పోతుందో, ఏ ఫ్యూజు ఏ గదిదో యజమానురాలికి ఎవరూ చూపించలేదు. భర్త పోయిన నెలకి, లేదా ఆమె అతన్ని వదిలేసిన నెలకి, మొదట గుచ్చుకునేది ఇదే. "మగదిక్కు లేని ఇల్లు" అని అందరూ అనేది చాలాసార్లు మోటారు ఆగిపోయిన రోజునే. నాకు తెలిసిన ఒక లెక్చరర్ విడాకులు తీసుకుని వేరే కాపురం పెట్టాక, గీజరు పాడైన రోజున మాజీ భర్తకి ఫోన్ చెయ్యాల్సి వచ్చిందని చెప్తూ ఏడ్చింది. కోర్టులో ఏడవలేదావిడ.

నేను చదివిన విశ్వవిద్యాలయం మహిళా హాస్టల్‌లో ఒక అంతస్తులో ఫ్లష్ ట్యాంకు నెలన్నర కారింది. మగ పనివాళ్ళు లోపలికి రావాలంటే వార్డెన్ అనుమతి, వెంట ఆయా, పగలు పది నుంచి నాలుగు లోపల. ఆడ ప్లంబర్‌ని పెట్టుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సాహిత్య సిద్ధాంతాల్లో పరిశోధన చేస్తున్న నలుగురు కలిసి ఒక వాషర్ కోసం వినతిపత్రం రాశారు. భాష చాలా బాగా కుదిరింది.

కాబట్టి ఒక ప్రతిపాదన. మనం రెండు రోజుల సమావేశాలు పెట్టుకుంటూనే వుంటాం. వచ్చేసారి ఒక పూట పత్రసమర్పణలు ఆపి, సీలింగ్ ఫ్యాను, కుళాయి, మెయిన్ బోర్డు, స్కూటర్ ప్లగ్గు ముందు పెట్టుకుందాం. నేర్పటానికి ఎలక్ట్రీషియన్‌గానో మెకానిక్‌గానో పనిచేస్తున్న స్త్రీని పిలుద్దాం, కీలకోపన్యాసం ఇచ్చేవాళ్ళకి ఎంత ఇస్తామో అంతే ఇద్దాం, దారిఖర్చులతో సహా. కుట్టుమిషను సంగతి మా అమ్మ చూపిస్తుంది, ఒప్పించే పూచీ నాది. పానాల పెట్టె కూడా నేనే తెస్తాను. ఆ పూట భోజనాలు, అంట్లతో సహా, మన ఇళ్ళల్లోని మగవాళ్ళు చూస్తారు.